గుమ్మం బయట అల్లిన స్వెటర్

నాలుగు రోజులుగా జ్వరం వదలడం లేదు. ఊరికే పడుకోవడం నా వల్ల కాదు. మనవరాలి కోసం మొదలుపెట్టిన ఊలు టోపీని ఒళ్ళో వేసుకుని రెండు వరసలు అల్లాను, తల తిరిగితే ఆపాను, మళ్ళీ అల్లాను. "ఆజీ, ఝోప్ నా" అని, పడుకోమంటూ మరాఠీలో కసిరి ఆ పిల్ల నా చేతిలో సూదులు లాక్కుపోయింది. జ్వరంలో నా సూదులు ఒకరు లాక్కోవడం ఇది రెండోసారి. మొదటిసారి ఆ పని చేసింది మా నాయనమ్మ.

ఎనభైల నాటి మాట. బొంబాయి కామాటిపురలో, వరసగా ఒంటిగది ఇళ్ళుండే చాళ్‌లో ఉండేవాళ్ళం. ఒకటే ఖోలీ, ముందు పొడుగ్గా అందరికీ కలిపి గ్యాలరీ. ఇంట్లో నాయన, నాయనమ్మ, నేను. నాయన మేస్త్రి. హోళీ దాటగానే మంచుకొండల్లో ఎక్కడో సొరంగం పనికి ముఠాతో పోవాలని కబురొచ్చింది. బొంబాయిలోనే పుట్టి పెరిగిన మనిషి, చల్లదనమంటే ఆయనకు తెలిసింది ఐస్‌ఫ్రూట్ వరకే. కిందటేడు అక్కడికి వెళ్ళినవాడొకడు చలికి ఛాతీ పట్టేసి ఆస్పత్రి పాలయ్యాడని విన్న దగ్గర్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. అల్లిక బడిలో నేర్చుకున్నాను కనుక, నాగ్‌పాడా బజారుకెళ్ళి బూడిదరంగు ఊలు తెచ్చి స్వెటర్ మొదలుపెట్టాను. వీపు అయింది, ఛాతీ సగమైంది, నాకు ఆటలమ్మ పోసింది.

నాయనమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది, కూరల్లో తాలింపు మానేసింది, నా సూదులు తీసి దాచేసింది. "అమ్మ ఒంటి మీదున్నన్ని దినాలు ఇంట్ల సూది కదలొద్దు. అమ్మకు గుచ్చుకుంటది" అంది. నాయన ప్రయాణం దగ్గరపడుతోంది. ఏడ్చాను, అన్నం మానేశాను. చివరికి దారి చూపించిందీ ఆమే. గ్యాలరీ ఇల్లు కాదు కదా, అక్కడ కూర్చుని ఇంకొకరు అల్లితే అమ్మకు అభ్యంతరం ఉండదట. దేవతల మనసు మా నాయనమ్మకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అలా పక్క ఖోలీ అత్త మా గుమ్మం బయట చాప వేసుకుంది. రోజంతా బీడీలు చుట్టే మనిషి, జన్మలో ఊలు ముట్టి ఎరగదు. నేను లోపల పరదా వెనక పడుకుని సీదా, ఉల్టా, సీదా, ఉల్టా అని ఒక్కో కుట్టూ కేకేసి చెప్పేదాన్ని.

"జర వదులుగ అల్లత్తా, గట్టిగ గుంజకు."

"వదులుగ చుడితె సేఠ్ వాపస్ ఇస్తడు బిడ్డా. చెయ్యికి అదే అలవాటు" అనేది అత్త.

ప్రతి కుట్టునూ బీడీకి దారం కట్టినట్టే బిగించేది. జ్వరం పెరిగిన పూట నేనేం చెప్పానో నాకే తెలిసేది కాదు, ఆ మహాతల్లి మాత్రం చెప్పింది చెప్పినట్టు అల్లుకుపోయేది. ఒక్కసారి ఇటివ్వండి, సరిచేస్తానంటే నాయనమ్మ వినదు. ఒళ్ళంతా మంట, దురద. సూదుల చప్పుడు వింటూ పడి ఉండటం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను.

బయల్దేరే రోజు పొద్దున నాయన గుమ్మం దాకా వచ్చి ఆగాడు. అప్పటికి నా కనురెప్పల మీద కూడా పొక్కులు లేచి, రసి కట్టి, కళ్ళు రెండూ అంటుకుపోయి ఉన్నాయి. గ్యాలరీలో ఆడవాళ్ళ నవ్వులు వినపడ్డాయి. ఆ ఉక్కలో నాయన స్వెటర్ తొడుక్కుంటున్నాడట. తల దూరడం లేదని ఒకరు, చేతులేవని ఒకరు. చేతులు అల్లడానికి వ్యవధి చాలలేదు మరి. అత్త రెండు పక్కలా పట్టి లాగినట్టుంది, నాయన మూలిగాడు.

"ఎట్లుంది బిడ్డా?" అన్నాడు.

రెప్పలు విప్పబోయాను, రాలేదు. "మస్తుంది నాయినా" అన్నాను.

"నువ్వు మంచిగ పండుకో. నాకు చలి పెట్టదు" అన్నాడు. చెప్పుల చప్పుడు గ్యాలరీ చివరిదాకా పోయి, మెట్లు దిగింది.

వానల్లో తిరిగొచ్చాడు, ఉత్త చొక్కాతో. అక్కడ బక్కపలచటి కూలీ ఒకడు వణుకుతుంటే స్వెటర్ విప్పి ఇచ్చేశాడట. "వానికి సరిగ్గ పట్టింది" అని అత్తతో గొప్పగా చెప్పాడు. నీ ఒంటి మీద ఎలా ఉండేదని నేనడిగితే, "నాకేమెరుక, ఆడ అద్దమెక్కడిది?" అన్నాడు.

నాయన పోయి చాలా ఏళ్ళయింది. గుమ్మంలో నిలబడ్డ ఆ మనిషి ఇప్పుడు నా కొడుకు వయసువాడు. కాలం నన్ను ఆయన వయసు కూడా దాటించి ఇంత దూరం తీసుకొచ్చింది గానీ, ఆ పొద్దున ఆయన ఎలా ఉన్నాడో మాత్రం ఒక్కసారి కూడా నాకు చూపించలేదు.