క్రిస్మస్ నాటకంలో వణికిన చేయి

నేను ఏడో తరగతిలో బడి మానేస్తే, ఆ సంతోషంలో మా సారు పిల్లలందరికీ చాక్లెట్లు పంచాడు. ఈ మాట చెప్పి నేనే జనాన్ని నవ్విస్తుంటాను. నవ్వించడం తప్ప నాకు వేరే చదువు లేదు. ఆ చదువుతోనే ఒక మనిషిని పాడుచేశాను. తొమ్మిదేళ్లుగా ఆ సంగతి గుండెలో పెట్టుకుని తిరుగుతున్నాను. మీకు చెబుతున్నాను.

మాది కాగజ్‌నగర్. మా చర్చికి దావీదన్న అనే టైలర్ వచ్చేవాడు. ఒకప్పుడు ఆయనకు ఎవరూ లేనిచోట గొంతులు వినబడేవి. అన్నంలో విషం కలుపుతున్నారని భయపడేవాడు. కరీంనగర్‌లో డాక్టరు మందులు రాశాక కోలుకుని మళ్లీ కుట్టుమిషన్ ముందు కూర్చున్నాడు. ఆ గోలీలకు కుడిచేయి కొద్దిగా వణికేది, పెదాలు ఏదో నములుతున్నట్టు కదిలేవి. కుట్టు మాత్రం వంకరపోయేది కాదు.

ఆ ఏడు క్రిస్మస్ నాటకంలో నాది దయ్యం పట్టినవాడి వేషం. జనం నవ్వరేమోనని ఆ చేతిని, ఆ పెదాలను అచ్చుగుద్దినట్టు దించేశాను. చర్చి దద్దరిల్లింది. దావీదన్న కూడా నవ్వాడు. తర్వాత కుడిచేతిని శాలువా లోపలికి తీసుకున్నాడు.

నాటకం అయ్యాక నా దగ్గరికి వచ్చాడు.

"తమ్మీ, నిజం చెప్పు. నేను గట్లనే కనబడ్తనా?"

"అచ్చం గట్లనే అన్నా! నువ్వే స్టేజి ఎక్కినవనుకొని మా అవ్వ పరేషానయింది."

"గా గోలీలు బంద్ చేస్తె చెయ్యి నిలబడ్తది గని..."

"అయితె బంద్ చెయ్యి. మంచిగున్నోనికి గోలీలెందుకు?"

అప్పుడు నాకు కావలసిందేమిటి? ఇంకో నవ్వు. అంతే. చేయి వణుకుతోందని డాక్టరుకు చెబితే మందు మార్చేవాడని, సొంతంగా మానితే జబ్బు తిరగబెడుతుందని నాకు తెలియదు. కానీ తెలియకపోవడం వెనక ఎన్నాళ్లు దాక్కోను? ఆయన సిగ్గుతో చితికిపోయి వచ్చాడని మాత్రం ఆ క్షణంలోనే తెలుసు.

ఎండాకాలానికి పాత గొంతులు తిరిగొచ్చాయి. అన్నం ముట్టలేదు. కరీంనగర్‌కు నేనే బండి నడిపాను. మందులెందుకు ఆగాయని డాక్టరు అడిగాడు. దావీదన్న తల్లి కోడలి వైపు చేయి చూపింది. "గిదే సరిగ ఇయ్యలే సారూ."

దావీదన్న భార్య రూతు వదిన ఏడుస్తూ కాదంది. "నేనే బంద్ చేసిన" అని దావీదన్న గొణిగాడు. జబ్బు మనిషి మాట ఎవరు వింటారు? నేను తలుపు దగ్గర బండి తాళంచెవి తిప్పుతూ నిలబడ్డాను. ఒక్క మాట చాలు. అనలేదు.

ఆ నింద వదిన మీదే ఉండిపోయింది. దావీదన్న మళ్లీ మందులు వాడుతున్నాడు, బాగానే మాట్లాడతాడు, కానీ మిషన్ జోలికి పోలేదు. చేత్తో గుండీలు మాత్రం కుడతాడు.

పోయిన నెల వదినకు అంతా చెప్పేశాను. చెప్పగానే ఛాతీ తేలికైంది. ఆ తేలికకే మళ్లీ సిగ్గేసింది. "మాఫ్ చెయ్యి వదినా" అన్నాను.

వదిన అంది:

"మా అత్త సచ్చిపోయేదాంక నా చేతి నీళ్లు తాగలే. గిప్పుడొచ్చి నాకు చెప్తున్నవా? పో, ఆమె బొందకాడికి పోయి చెప్పు."