నిశ్శబ్దంగారి బేస్ గిటారు

మా కింది వాటాలో కుట్టుమిషన్ల మెకానిక్ ఉంటాడు. వీధిలో అందరూ ఆయన్ని నిశ్శబ్దంగారు అంటారు. ఆ పేరు పెట్టింది ఎవరో కాదు, నేనే. ఆయన చేతిలో పడ్డ మిషను మళ్లీ కిక్కురుమనదు. లడలడలాడుతూ వచ్చిన మిషను సాయంత్రానికల్లా పక్కన పిల్లి పడుకున్నా లేవనంత మెత్తగా తిరుగుతుంది. మూత కూడా తియ్యడు. చక్రం ఒక్క చుట్టు తిప్పి, చెవి దగ్గర పెట్టి, "లోపల స్క్రూ వదులైంది" అనేస్తాడు. డాక్టర్లు కూడా అంత త్వరగా చెప్పరు, ముందు పరీక్షలు రాస్తారు.

అలాంటి మనిషికి ఒక పిచ్చి ఉంది, బేస్ గిటారు. మామూలు గిటారుకి ఆరు తీగలైతే దీనికి నాలుగే. లావుగా ఉంటాయి. కరెంటు పెట్టెకి తగిలిస్తే నేల కిందినుంచి వస్తున్నట్టు మోగుతుంది. "అది మోగినంతసేపూ ఎవరూ పట్టించుకోరు పిన్నిగారూ, ఆపితే మాత్రం పాట కింద నేల జారినట్టుంటుంది" అన్నాడొకసారి. నేను అడిగితేనే చెప్పాడు లెండి. నేను అడగనిదేముంది?

పదకొండేళ్లుగా ఆయన ఒక బ్యాండులో వాయిస్తున్నాడు. పాడేదీ, నడిపేదీ మూల మీది మందుల షాపాయన. డ్రమ్ములు కొట్టేది ఒక బస్సు డ్రైవరు. షాపు వెనక గోడౌన్‌లో సాధన చేస్తారు, శనివారం సాయంత్రాలు క్లబ్బు హాల్లో వాయిస్తారు.

ఆ సోమవారం నేను మా మిషను బెల్టు చూపించే మిషతో కిందికి దిగాను. బెల్టు బాగానే ఉంది. మందుల షాపాయన ముఖం మాడ్చుకుని లోపలికి వెళ్లడం కిటికీలోంచి చూశాను, అంతే.

"గురూ, ఈ శనివారం హాల్లో మనం వినే ఆ ఇంగ్లీషు రికార్డు ఒక్కటే. మొదటి పాట నుంచి చివరి పాట దాకా," అంటున్నాడు. "వచ్చేవాళ్లంతా దాన్ని అరిగేదాకా విన్నవాళ్లు. వాళ్లకి కావలసింది నా గొంతు కాదు. అందులో బేస్ వాయించిన ఆ మహానుభావుడి టోను."

"తెలుసు. ముప్పయ్యేళ్లుగా వింటున్నాను."

"వింటున్నావు. వాయిస్తే రావట్లేదు. ఆయనది పులి గుర్రుమన్నట్టుంటుంది. నీది... ఏమనుకోకు, పెరుగులో గరిటె తిప్పినట్టుంటుంది."

నాకు నవ్వొచ్చింది. నిశ్శబ్దంగారి ముఖం చూసి మింగేశాను.

"స్కూల్లో డ్రాయింగు మాస్టారు ఉన్నాడుగా, ఆయనా బేస్ వాయిస్తాడు," మందుల షాపాయన చూపు నేలకి దించాడు. "పెడళ్ల పెట్టె కొన్నాడు. కాలితో నొక్కితే ఏ టోనంటే ఆ టోను. శుక్రవారం నాలుగింటికి ఇద్దరూ రండి. రికార్డుకి ఎవరిది దగ్గరగా ఉంటే వాళ్లు. ఈ ఒక్క శనివారానికే కాదు, ఇకమీదట కూడా. ఊరికే మనుషుల్ని మార్చుకుంటూ కూర్చోలేను."

ఆయన వెళ్లాక నిశ్శబ్దంగారు స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "యాభై రెండేళ్లవాణ్ణి ఇంకే బ్యాండువాళ్లు పిలుస్తారు పిన్నిగారూ? వారమంతా ఊళ్లోవాళ్ల మిషన్లు. ఆ ఒక్క సాయంత్రమే నాది," అన్నాడు. ఏదో ఒకటి అనాలి కదా, "బెల్టు రేపు తెస్తాలే" అని వచ్చేశాను.

మంగళవారం కొత్త తీగలు వేశాడు. రాలేదు. బుధవారం ఆ తీగలు తీసి పాతవి ఎక్కించాడు. వేళ్లతో వాయించేవాడల్లా ఆ మహానుభావుడిలాగే ప్లాస్టిక్ బిళ్లతో మీటి చూశాడు. కరెంటు పెట్టె గోడకి ఆనించాడు, మూలకి జరిపాడు, బోర్లా పడుకోబెట్టాడు. రికార్డు పెడతాడు, కళ్లు మూసుకుని వింటాడు, తీస్తాడు, వాయిస్తాడు, తల అడ్డంగా ఊపుతాడు. ఆ నాలుగు రోజుల్లో ఆ పాట నాకే కంఠతా వచ్చేసింది, మాటలు అర్థం కాకపోయినా. బాగుచెయ్యాల్సిన మిషన్లు గుమ్మం దాకా పేరుకుపోయాయి. అన్నం దగ్గర కూర్చుని కంచం అంచు మీద తాళం వేస్తున్నాడని వాళ్లావిడ నాతో చెప్పుకుంది.

వాళ్లావిడ కర్టెన్లు కుడుతుంది. భర్త బాగుచేసిన మిషనే, శబ్దం లేకుండా పరుగెడుతుంది. శుక్రవారం భోజనాలయ్యాక నేను వెళ్లేసరికి ఆవిడ కిటికీ పక్కన కుడుతోంది. ఆయన రికార్డు పెట్టి దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. గోడ గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది.

"నీకెలా వినిపిస్తోందే ఇది?" అని నేనే ఆవిణ్ణి అడిగాను. ఊరికే ఉండలేక.

ఆవిడ తలెత్తలేదు. "ఎలాగేముంది పిన్నిగారూ, ఆ రికార్డాయన బాజాలో ఏదో వదులైంది. తీగ ఎక్కడో ఇనుముకి కొట్టుకుంటోంది. పాపం, ఈయన దగ్గరికి తెచ్చి ఉంటే ఒక్క పూటలో బాగుచేసి పంపేవారు."

నేను పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు. లేచి నిలబడ్డాడు.

"ఏమన్నావ్?"

"అయ్యో, వేళాకోళానికి అన్నానండీ."

"కాదు, మళ్లీ చెప్పు. ఎక్కడ కొట్టుకుంటోంది?"

రికార్డు మొదటికి పెట్టాడు. ఈసారి ముగ్గురం చెవులు రిక్కించి విన్నాం. లోపల బరువుగా గుర్రుమనే మోత, దాని మీద సన్నగా, లోహం లోహాన్ని గీరినట్టు ఒక గరగర. తీగ మీటిన ప్రతిసారీ ఉంది.

ఆయన నుదురు పట్టుకున్నాడు. "ముప్పయ్యేళ్లుగా అది రికార్డు అరుగుదల అనుకున్నాను. వినిపించగానే నా చెవి దాన్ని తీసేసి మిగతాదే వింటోంది. అది అరుగుదల కాదే. అదే ఆయన టోను."

ఆ తరవాత ఆయన చెప్పింది నాకర్థమైనట్టు చెబుతాను. గిటారు మెడ మీద వీణకున్నట్టే మెట్లుంటాయి. తీగ ఎత్తుగా ఉంటే వాటికి తగలదు, శుభ్రంగా మోగుతుంది. కిందికి దించితే మెట్లకి కొట్టుకుని గరగరమంటుంది. ఈయన కొన్న రోజే తన మిషన్లకి చేసినట్టు ఎక్కడా ఏదీ తగలకుండా సరిచేసి పెట్టుకున్నాడు. పదకొండేళ్లుగా ఏ చప్పుడు కోసం వెతుకుతున్నాడో దాన్ని మొదటి రోజే తన చేత్తో తీసేశాడన్నమాట.

"అయితే దించండి, ఇంకేం?" అంది వాళ్లావిడ.

"తీగలు దించడం పెద్ద పని కాదు. ముందు మెడ నిటారుగా రావాలి. దాని లోపల ఇనుప కడ్డీ ఉంటుంది, బిగించాలి. పదకొండేళ్లు కదలని నట్టు. పాత చెక్క. కాస్త ఎక్కువైతే మెడ విరుగుతుంది."

విరిగితే ఏమవుతుందో ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదంటే చూసుకోండి.

గిటారుని బల్ల మీద గుడ్డ పరిచి పడుకోబెట్టాడు. నట్టులో ఒక చుక్క నూనె వేసి పది నిమిషాలు ఆగాడు. చిన్న రెంచి పెట్టి బిగించాడు. కదల్లేదు. ఇంకాస్త బలం పెట్టాడు. మెడ మీద నరాలు తేలాయి, ఆయన మెడ మీద. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

టిక్‌మంది.

వాళ్లావిడ మిషను ఆగిపోయింది. ఆయన కదలకుండా అలాగే వంగి ఉన్నాడు. తరవాత మెల్లగా చెవి తీసుకెళ్లి చెక్కకి ఆనించాడు, వేలి గోటితో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తట్టుకుంటూ పోయాడు.

"చెక్క కాదు. నట్టు వదిలింది," అన్నాడు.

తరవాత పావు చుట్టు తిప్పడం, ఆగడం, కంటికి ఎత్తి చూడడం, మళ్లీ పావు చుట్టు. మూడు దాటింది. తీగలు ఒక్కొక్కటే కిందికి దించి, శ్రుతి చేసి, మీటాడు. గరగరమంది. మా ఇద్దరి ముఖాలూ వెలిగాయి. ఆయన ముఖం మాత్రం పంటి కింద రాయి పడ్డట్టు ముడుచుకుపోయింది. చెయ్యి దానంతటదే స్క్రూడ్రైవరు మీదికి పోయింది. వాళ్లావిడ లేచొచ్చి మణికట్టు పట్టుకుంది.

"ముట్టుకున్నారంటే ఊరుకోను. పదండి, టైమైంది."

నాకు కూడా సరిగ్గా అప్పుడే దగ్గు మందు అవసరమైంది. వాళ్ల వెనకే నడిచాను.

గోడౌన్‌లో మందుల అట్టపెట్టెల మధ్య డ్రాయింగు మాస్టారు ముందే తయారుగా ఉన్నాడు. కాళ్ల దగ్గర ఎర్రవీ పచ్చవీ దీపాలతో పెట్టె. ఆయనే ముందు వాయించాడు. అబద్ధం చెప్పను, బాగుంది. రికార్డుకి దగ్గరగానే ఉంది. మందుల షాపాయన రెండుసార్లు తల ఊపాడు. ఆ తల ఊపు చూసి వాళ్లావిడ నా చెయ్యి నొక్కేసింది.

నిశ్శబ్దంగారు ముందుకొచ్చి, తీగ మెత్తగా మీటాడు. తుప్పు పట్టిన తలుపు గొళ్లెం ఊగినట్టు, ఛీ, ఏమిటో చప్పుడు. మాస్టారు పెదవి కొరుక్కున్నాడు.

"ఇదా?" అన్నాడు మందుల షాపాయన.

"ఒక్క నిమిషం."

మళ్లీ మెత్తగానే. మళ్లీ గొళ్లెమే, కింద ఆ గుర్రుమనే మోత లేదు. ఆయన తన కుడిచేతి వంక ఎవరిదో అన్నట్టు చూశాడు. ముప్పయ్యేళ్లుగా సూది విరగకుండా, దారం తెగకుండా పనిచేసిన చెయ్యి, మెత్తగా తప్ప ఇంకోలా కదలడం దానికి రాదు.

"గురూ, ఇంక చాల్లే," మందుల షాపాయన వైరు పీకడానికి వంగాడు.

"కొట్టండీ!" అని వాళ్లావిడ వెనకనుంచి కేకేసింది. "తిట్టి తిట్టి కొట్టండి!"

కొట్టాడు. భుజం నుంచి చెయ్యి దించి కొట్టాడు. నా చెప్పుల కింద నేల అదిరింది. అలమారలో సీసాలు గలగలమన్నాయి. లోపల గుర్రుమనే మోత, పైన ఇనుము గీరిన గరగర, రెండూ కలిసి ఒకే గొంతులా వచ్చాయి. వంగినవాడు వంగినట్టే వైరు వదిలేశాడు. బస్సు డ్రైవరు ఎవరూ చెప్పకుండానే డ్రమ్ముల్లోకి దిగిపోయాడు. మొదటి చరణం దాటింది, ఆపమనలేదు. రెండోది దాటింది. మందుల షాపాయన నడుం మీద చేతులు పెట్టుకుని పాడడం మొదలుపెట్టాడు. షాపులో మందుల కోసం నిలబడ్డవాళ్లు చీటీలు పట్టుకుని తలుపు దగ్గరికి చేరారు.

పాట అయింది. డ్రాయింగు మాస్టారే ముందు తన వైర్లు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. మర్యాదస్తుడు.

"ఏ పెడల్ అండీ అది?"

"పెడల్ లేదు మాస్టారూ. తీగలు మెట్లకి కొట్టుకుంటున్నాయి."

"పాడైపోయిందా?"

"పాడు చేశాను. మీరూ చేసుకోవచ్చు, దుకాణానికి రండి, చూపిస్తాను."

మందుల షాపాయన గొంతు సవరించుకున్నాడు. "శనివారం ఐదున్నరకల్లా హాల్లో ఉండు. ఆ మెడలో ఏదీ ముట్టుకోకు," అని షాపులోకి వెళ్లిపోయాడు, చీటీలవాళ్లు గొడవ చేస్తున్నారు మరి.

నిశ్శబ్దంగారు గిటారు ఒళ్లో పెట్టుకుని ఒక అట్టపెట్టె మీద కూలబడ్డాడు. బొటనవేలి పక్కన చర్మం లేచి రక్తం వస్తోంది. వాళ్లావిడ మోకాళ్ల మీద కూర్చుని, కర్టెన్ గుడ్డ ముక్కతో ఆ వేలు చుట్టింది. ఆయన లేవడానికి ఇంకాసేపు పట్టింది.