చెక్క స్క్రూ, రేకు స్క్రూ

నంబర్ల గుమాస్తాకి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ అతికినట్టు సరిపోయింది. రేవు పక్క వీధిలో, మేడ మీద, సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో ఇరవై ఆరేళ్లుగా ఆయన పని ఒక్కటే. ఓడలోంచి దిగే ప్రతి సరుకుకీ సుంకాల పుస్తకంలో ఒక నంబరుంటుంది. ఏ సరుకుకి ఏ నంబరో తేల్చి కాగితాల మీద ఎక్కించాలి. నంబరు తప్పితే సుంకం తప్పుతుంది, సరుకు షెడ్డులో ఆగిపోతుంది. అప్పుడు సరుకు ఆసామి వచ్చి ఏజెంటు ప్రాణం తీస్తాడు, ఏజెంటు వచ్చి గుమాస్తా ప్రాణం తీస్తాడు.

అలాంటి అవసరం ఎప్పుడో గాని వచ్చేది కాదు. పుస్తకం ఆయనకి కంఠోపాఠం. నిద్రలో లేపి గాజు పూసలన్నా, గుర్రపు నాడాలన్నా ఠక్కున నంబరు చెప్పేవాడు. ఇంట్లోనూ అదే వరస. తమ పెళ్లిరోజుకి బావమరిది గోడగడియారం తెస్తే, బాగుందో లేదో చెప్పకుండా, బ్యాటరీదా కీ ఇచ్చేదా అని వెనక్కి తిప్పి చూశాడు. బావమరిది ఆర్నెల్లు మాట్లాడలేదు.

భార్య వడ్రంగి కూతురు. తలుపు గడియ ఊడినా, కుక్కర్ పిడి వదులైనా స్క్రూ డ్రైవర్ తీసేది ఆవిడే. ఆయన పక్కన నిలబడి ఆ వస్తువు పుస్తకంలో ఏ అధ్యాయంలోకి వస్తుందో చెప్పేవాడు.

"అధ్యాయం సంగతి తర్వాత. ముందు టార్చి ఇటు పట్టండి" అనేది ఆవిడ.

పట్టేవాడు. వెలుగు మాత్రం ఆవిడ మొహం మీద పడేది.

ఒకసారి హార్డ్‌వేర్ షాపు ఆసామికి నలభై పెట్టెల స్క్రూలొచ్చాయి. కాగితాల్లో చెక్క స్క్రూలని, అంటే చెక్కలోకి బిగించేవని ఉంది. గుమాస్తా చెక్క స్క్రూల నంబరేసి, టీ తాగడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి సరుకు ఆగిపోయిందని కబురు. కస్టమ్స్ ఆఫీసుకి కొత్తగా వచ్చిన అధికారిణి ఒక పెట్టె తెరిపించి, "ఇవి రేకు స్క్రూలు, వీటి నంబరు వేరు" అని రాసేసింది. మర్నాడే విచారణకి రమ్మంది.

ఆవిడకి గట్టిగా ముప్పై ఏళ్లుండవు. బల్ల మీద పరిచిన అద్దం, అద్దం మీద ఒకే ఒక్క స్క్రూ నిలబెట్టి ఉంది.

"కాగితాల్లో చెక్క స్క్రూలనే ఉంది మేడమ్" అన్నాడు గుమాస్తా.

"కాగితంలో ఏం రాస్తే అదే అయిపోతుందా? ఏనుగని రాశారనుకోండి?"

"ఏనుగైతే మొదటి అధ్యాయం మేడమ్. బతికున్న జంతువులు."

"నేనడిగింది అది కాదు."

గుమాస్తా గొంతు సవరించుకుని పుస్తకంలోని వివరణ అప్పజెప్పాడు. చెక్క స్క్రూ మొన వైపు సన్నబడాలి, దాని చుట్టూ తిరిగే మర పదునుగా ఉండాలి, చెక్కలో తన దారి తనే చేసుకుని దిగాలి. అధికారిణి ఓపిగ్గా విని, అటెండరు చేత ఒక చెక్కముక్క, స్క్రూ డ్రైవర్, పెట్టెలోంచి గుప్పెడు స్క్రూలు తెప్పించింది.

"సరే, దింపి చూపించండి."

గుమాస్తా స్క్రూ డ్రైవర్ అందుకున్నాడు. మొదటి స్క్రూని ఎడమవైపుకి తిప్పాడు. అది ఎంతకీ దిగక, చివరికి ఎగిరి బీరువా కిందకి పోయింది. రెండోది వాలిపోయి నిలబడింది. మూడోదానికి స్క్రూ డ్రైవర్ జారి అద్దం మీద జానెడు గీత పడింది.

అధికారిణి ఆ గీతని చూసి, ఆయన్ని చూసింది. "మీరెప్పుడైనా స్క్రూ బిగించారా?"

"లక్షల స్క్రూలకి నంబర్లేశాను మేడమ్."

"బిగించారా అంటున్నాను."

"లేదు మేడమ్."

అటెండరు గోడ వైపు తిరిగి దగ్గాడు. గుమాస్తాకి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లలో ఎవరూ ఆయన్ని ఆ ప్రశ్న అడగలేదు. తనని తను కూడా అడగలేదు.

"మా ఇంట్లో మా ఆవిడే బిగిస్తుంది" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అయితే రేపు ఆవిడనే తీసుకురండి."

ఇంటికొచ్చి సంగతంతా చెప్పాడు. భార్య నవ్వలేదు. వంటింట్లోకి వెళ్లాక మాత్రం గిన్నె ఒకటి కింద పడిన చప్పుడూ, ఆ వెనకే కొంగు అడ్డం పెట్టుకున్న నవ్వూ ఆయనకి వినిపించాయి.

"వస్తాను గానీ, ఉన్నదే చెబుతాను" అంది కళ్లు తుడుచుకుంటూ వచ్చి. "తర్వాత నన్ననకండి."

"ఉన్నదే చెప్పు. నా నంబరెలాగూ సరైందే."

"ఇంతకీ ఆ స్క్రూని మీరు సరిగ్గా చూశారా?"

"కాగితం చూశాను."

మర్నాడు ఆవిడ చేతిసంచిలో పుట్టింటి స్క్రూ డ్రైవర్ పెట్టుకుని వచ్చింది. అద్దం మీది స్క్రూని తీసుకుని, వేళ్ల మధ్య దొర్లించి, గోటితో గీరింది.

"ఇది రేకుదే" అంది. "మర తల దాకా ఉంది చూడమ్మా. మొనా, మరా రేకుని కోసుకుని పోయేట్టు చేశారు."

అధికారిణి కలం అందుకుంది.

"ఉండమ్మా, అప్పుడే రాయకు" అంది భార్య. "ఎన్ని పెట్టెలు చూశావు?"

"ఒకటి."

"నలభై పెట్టెలకి ఒకటా? ఈయన ఒక్కటీ చూడకుండా చెప్పారు, నువ్వు ఒక్కటి చూసి చెప్పావు. ఇద్దరికీ పెద్ద తేడా ఏముంది?"

గుమాస్తా, భార్య మోచేయి పట్టుకుని, "మేడమ్‌ని అలా అనకూడదు" అని గొణిగాడు. కానీ మేడమ్ అప్పటికే లేచి, షెడ్డు తాళాలు తెమ్మంటోంది.

షెడ్డులో హార్డ్‌వేర్ ఆసామి ఎదురొచ్చి, తనమీద అందరూ కక్ష కట్టారని మొదలెట్టాడు. భార్య ఆయన్ని ఒక ఖాళీ డ్రమ్ము మీద కూర్చోబెట్టి, పెట్టెలు ఒక్కొక్కటీ తెరిపించింది. ఐదో పెట్టెలో స్క్రూల తీరు వేరు. తల కింద కొంత మేర మర లేకుండా నున్నగా ఉంది. ఒకటి తీసి, సరుకు కింద వేసే చెక్కలోకి నాలుగు తిప్పులు తిప్పింది. వెన్నలో వేలు పెట్టినట్టు దిగింది.

"ఇది చెక్కది. ఈ నున్నటి భాగం పైచెక్కలో ఉంటుంది, మర కిందిచెక్కని పట్టి లాగుతుంది. రెండూ అతుక్కుంటాయి" అంది. తర్వాత రేకు స్క్రూని ఒక డబ్బా మూతలోకి దింపి చూపించింది. అధికారిణి స్క్రూ డ్రైవర్ అడిగి తీసుకుని తనూ ఒకటి దింపింది. ఆవిడకి సరదాగా ఉన్నట్టుంది, ఇంకోటి కూడా దింపింది.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. ఇరవై తొమ్మిది పెట్టెలు చెక్కవి, పదకొండు రేకువి. అప్పుడు డ్రమ్ము మీది ఆసామికి, తను రెండు రకాలూ పంపమన్న సంగతి గుర్తొచ్చింది. "కాగితంలో ఒకటే రాసినట్టున్నారు సరుకు పంపినవాళ్లు" అని మెల్లిగా అన్నాడు.

ఒక నంబరు ఉండాల్సిన చోట రెండు నంబర్లతో కొత్త కాగితాలు తయారయ్యాయి. అధికారిణి సంతకం పెట్టి, "ఇకమీద పెట్టె తెరిచి చూడండి" అంది గుమాస్తాతో. ఆపైన తన కాగితం మీద కూడా ఏదో కొట్టేసి తిరగరాసుకుంది.

ఇంటి మెట్ల దగ్గర గుమాస్తా ఆగి, "నాకు నేర్పుతావా?" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే నేర్పింది. అరచెయ్యి బొబ్బలెక్కింది. మూడో గంటకి ఒక స్క్రూ తిన్నగా దిగింది. చివరి తిప్పులో చెక్క కిర్రుమని బిగుసుకోవడం ఆయన మణికట్టుకి తెలిసింది. ఆ చెక్కని పక్కింటివాళ్లకి కూడా తీసుకెళ్లి చూపించాడు. వాళ్లు దేనికని అడిగితే చెప్పలేకపోయాడు.

అప్పట్నుంచి ఏజెంటుకి కొత్త బాధ పట్టుకుంది. గుమాస్తా కుర్చీలో దొరకడు. ఒకరోజు వెతుక్కుంటూ వెళితే షెడ్డులో, చొక్కా నిండా దుమ్ముతో, తెరిచిన పెట్టె ముందు గొంతుక్కూర్చుని కనిపించాడు. చేతిలో నూనె వాసనేసే ఇనుప బందు ఒకటుంది.

"ఇది దేనికి వాడతారు?" అని బరువులెత్తే మనిషిని అడుగుతున్నాడు.

"తలుపుకండీ."

"ఏ తలుపుకి?" అన్నాడు గుమాస్తా, ఆ మనిషి కూర్చోడానికి చోటిస్తూ.