ఇల్లు రాసిచ్చేసిన నాన్న మీద సెక్టర్ 6లో వాదన

పాత నవలలోని ఒక నాన్న కోసం రాయ్‌పూర్ నుంచి భిలాయి వెళ్లానంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు. ఊరికిచ్చిన మాట కోసం ఉన్న ఒక్క ఇంటినీ బడికి రాసిచ్చేసే తండ్రి ఆయన. అక్కడి స్టీల్ ప్లాంటులో రిటైరై స్మృతి నగర్‌లో ఉంటున్న మా సింహాచలం పెదనాన్నకు ఆ పాత్రంటే ప్రాణం. ఆ ఆదివారం సెక్టర్ 6లో తెలుగువాళ్లు ఆ పాత్ర మీదే ప్రసంగాల పోటీ పెట్టారు. పెదనాన్న న్యాయనిర్ణేత. పోటీలో ఆయన కోడలు సంగీత కూడా ఉంది. పక్కనే ఉన్న దుర్గ్‌లో పుట్టిన హిందీ అమ్మాయి, పెళ్లయ్యాకే తెలుగు చదవడం నేర్చుకుంది.

పొద్దున్నే రాయ్‌పూర్‌లో లోకల్ రైలు ఎక్కితే, కుమ్హారి మీదుగా గంటలోపే భిలాయి పవర్‌హౌస్ స్టేషన్. బయట వేడి అటుకుల పోహా, జలేబీ తిని, ఇరవై రూపాయల షేర్ ఆటోలో బయల్దేరాను. నా ఫోను మాటలు విన్న డ్రైవరు, "మాది పలాస దీదీ, నాను ఇక్కడే పుట్టేను" అన్నాడు. పోటీ సంగతి, మామగారే జడ్జి అన్న సంగతి చెబితే, అయితే ప్రైజు కోడలికేనని నవ్వాడు.

హాల్లో అందరూ ఆ నాన్నను తెగ పొగిడారు. చివరగా సంగీత లేచింది.

"ఆయన ఉసూల్, అంటే నియమం ఉన్న మనిషే. కానీ ఇల్లు ఇచ్చే ముందు భార్యని ఒక్కసారి అడగలేదు. అడిగితే ఆవిడ కూడా హాఁ అనేదేమో. ఆవిడ మంచితనం ఎవరికీ కనిపించకుండా పోయింది."

చప్పట్లు ఆగలేదు. కానీ సమయం అయిపోయిందని గంట మోగాక కూడా మాట్లాడిందని పెదనాన్న మొదటి బహుమతి ఇంకొకావిడకిచ్చారు. సంగీత ముఖం చిన్నబోయింది. ఇంటికి వచ్చేదాకా పెద్దమ్మ ఆయనతో మాట్లాడలేదు.

భోజనాల దగ్గర పెదనాన్నే గొంతు సవరించుకున్నారు.

"మార్కులు మారవమ్మా. గాని నువ్వన్నది నాకు ఇన్నాళ్లూ తట్టనేదు. మళ్లీ ఏడు కూడా నన్నే జడ్జీగా ఉండమన్నారు. ఏటంటావు, ఒప్పుకోమంటావా?"

సంగీత ముఖం విప్పారింది. "మీరే ఉండండి మామయ్యగారూ. ఫస్ట్ ప్రైజ్ మీ చేత్తోనే తీసుకుంటాను."

"మరి నన్నడగవేటి?" అంది పెద్దమ్మ.

పెదనాన్న ఆవిడ వైపు తిరిగి అంతే మర్యాదగా అడిగారు. "ముందు పెరుగేసుకో. ఆలోచించి చెప్తాను" అంది ఆవిడ.

తిరుగు రైల్లో ఆ నవల మళ్లీ తెరిచాను. నాన్న నా దృష్టిలో ఏమీ తగ్గలేదు. ఆయన ఇల్లు రాసిచ్చే పేజీలో ఈసారి మాత్రం గుమ్మంలో నిలబడ్డ ఆ భార్య దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. మీరూ భిలాయి వెళ్తే ఒక్క మాట: సెక్టర్, వీధి, క్వార్టర్ నంబర్లు మూడూ బయల్దేరే ముందే తెలుసుకోండి. అక్కడ వీధులన్నీ ఒకేలా ఉంటాయి.