సాక్ష్యం తర్వాత మానేసిన మాత్రలు

కరోనా తగ్గిన మరుసటి ఏడు, కాలువలకు నీళ్ళు వదిలిన జూన్ నెలలో, మా పాస్టరు గారు నన్ను ధవళేశ్వరానికి దిగువన కాలువ గట్టు మీదున్న ఒక శాఖ సంఘానికి బైబిల్ ఉమన్‌గా వేశారు. శాఖ సంఘమంటే పెద్ద గుడి కింద నడిచే చిన్న సంఘం. పాస్టరు గారికి రెండు ఊళ్ళ పని కాబట్టి ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళిపోతారు. వారమంతా అక్కడి ఆడవాళ్ళను చూసుకోవలసింది నేనే.

బైబిల్ ఉమన్ అంటే ఏంటని ఇప్పటి పిల్లలు అడుగుతున్నారు. పాస్టరు గారు వెళ్ళలేని చోటికి వెళ్ళే మనిషి. ఆయన వస్తే అరుగు మీద కుర్చీ వేస్తారు, మంచినీళ్ళిస్తారు, అంతా బాగానే ఉందండి అంటారు. మేము పెరటి గుమ్మంలోంచి వెళ్ళి వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటాం. బాలింతలకూ జబ్బు మనుషులకూ ప్రార్థన చెయ్యడం, బాప్తిస్మం అడిగిన ఆడవాళ్ళకు నేర్పించడం, శుక్రవారం ఉపవాస ప్రార్థన నడపడం, ఆడవాళ్ళెవరైనా పోతే స్నానం చేయించి బట్ట కట్టడం మా పనులు. ఇళ్ళల్లో విన్నది పాస్టరు గారికి ఒక్కరికే చెప్పాలి. సంఘ పెద్దలు అడిగినా చెప్పకూడదు. నాకు చదువు లేదు. బైబిలు వేలు పెట్టి కూడబలుక్కుంటాను, మిగతాది కంఠతా వచ్చు. మా ఆయన పోయాక ఈ పనిలో పడ్డాను. మొగుడు లేని ఆడది పొద్దస్తమానం తిరిగినా అడిగేవాడుండడని పెద్దలు నన్ను వేశారు. దాపరికం ఏముంది.

ఆ సంఘంలో నెల మొదటి ఆదివారం సాక్ష్యాలుంటాయి. పాటలయ్యాక, వాక్యానికి ముందు. చెప్పదలచుకున్నవాళ్ళు శనివారమే పాస్టరు గారికి పేరివ్వాలి. తమకొచ్చిన కష్టం, చేయించుకున్న ప్రార్థన, దేవుడు చేసిన మేలు చెప్పి కూర్చోవాలి. గుడి కప్పు మీద హారన్ ఉంది కాబట్టి మైకులో అన్నది కాలువ అవతల చేలో వరి నాట్లు ఊడ్చేవాళ్ళకు కూడా వినపడుతుంది.

ఆగస్టులో సునీత సాక్ష్యం చెప్పింది. ఆ ఆదివారం పెద్ద గుడిలో ప్రభువు బల్లకు రొట్టె, ద్రాక్షరసం సిద్ధం చెయ్యడానికి నన్ను పిలిచారు, అందుకని నేను లేను. తర్వాత తలా ఒక ముక్క చెప్పారు. సునీత ఆటో నడిపే ప్రసాదు భార్య. చంకలో ఇంకా ఏడాది నిండని పిల్ల. చిన్నప్పటి నుంచీ ఆ అమ్మాయికి మూర్ఛ ఉంది. కాన్పయ్యాక ఎక్కువైంది. ఉపవాస ప్రార్థనలో ఆమె కోసం అందరం కన్నీళ్ళతో ప్రార్థన చేశాం. అదే నెలలో రాజమండ్రిలో నరాల డాక్టరు గారు మాత్ర మార్చారు. మూర్ఛ రావడం ఆగింది. సునీత అదే చెప్పింది, ప్రార్థన చేశారు, ఆగింది అని. అందులో అబద్ధమేమీ లేదు.

ఆమె కూర్చోబోతుంటే అత్తగారు కాంతమ్మ చాప మీద నుంచే అరిచిందట, "మాత్రలు కూడా మానేసిందండీ! స్తోత్రం!" అని. మైకు దాన్ని కూడా పట్టుకుంది. సంఘమంతా స్తోత్రం అంది. నిజానికి అప్పటికి సునీత మాత్రలు మానలేదు. అత్తగారి మాట ఊరంతా విన్నాక, ఆ రోజు నుంచి మానింది.

కాంతమ్మ చెడ్డ మనిషి కాదు. ఎన్నో ఏళ్ళు చెప్పుల దగ్గర, గుమ్మం పక్కన కూర్చున్న మనిషి. సాక్ష్యం తర్వాత పెద్దల భార్యలు పిలిచి ముందు చాప మీద చోటిచ్చారు. నవంబరులో కాలువ గట్టున జరిగే ఉజ్జీవ సభలకు సునీత ఫోటోతో ఫ్లెక్సీ కూడా వేయించారు. "మూర్ఛ రోగం నుండి విడుదల పొందిన సహోదరి సాక్ష్యము" అని పెద్ద అక్షరాలు. వంతెన దగ్గర కట్టారు. ప్రసాదు రోజూ దాని కిందనుంచే ఆటో నడిపేవాడు.

అక్టోబరులో ఒక గురువారం ఇళ్ళు తిరుగుతూ వాళ్ళింటికి వెళ్ళాను. సునీత మోచేతికి గుడ్డ చుట్టి ఉంది.

"ఏంటమ్మా అది?" అన్నాను.

సునీత నోరు తెరిచేలోపు కాంతమ్మ, "గంజి పడిందండి. దీనికి అన్నీ తొందరే" అంది.

పిల్ల ఏడుపు అందుకుంటే కాంతమ్మ ఎత్తుకుని వీధిలోకి వెళ్ళింది. సునీత గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"గంజి కాదండి. నీళ్ళ పొయ్యిలోకి పుల్లలు ఎగదోస్తుంటే వచ్చిందండి."

"మాత్రలేమయ్యాయే?"

"ఎలా వేసుకోనండి? మైకులో చెప్పేశాం కదండీ. ఇప్పుడు వేసుకుంటే దేవుడి మీద అబద్ధం ఆడినట్టు కాదాండి?"

"ఇదొక్కసారేనా?"

"అంతకుముందు రేవులో. గుడ్డలు ఉతుకుతుంటే నీళ్ళలోకి పడ్డానండి. పక్కనావిడ జుట్టు పట్టుకుని లాగింది. కాలు జారిందని చెప్పాం."

"పిల్ల ఎక్కడుందప్పుడు?"

"మెట్టు మీద కూర్చోబెట్టానండి."

ఆ సాయంత్రమే ఆటో ఎక్కి పాస్టరు గారింటికి వెళ్ళి, విన్నది విన్నట్టు చెప్పాను. ఆయన, "నేను పొద్దున్నే ఇన్సులిన్ పొడుచుకుని వచ్చి స్వస్థత గురించి ప్రసంగం చేస్తాను, సంతోషమ్మ గారూ. ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు" అన్నారు. ఆయనకు షుగరుందని నాకు అప్పుడే తెలిసింది. ముందు మాత్రలు మొదలు పెట్టించమన్నారు, సభల సంగతి పెద్దలతో తను మాట్లాడతానన్నారు.

మాట్లాడారు. పెద్దలు ఒప్పుకోలేదు. ఫ్లెక్సీ కట్టేశాం, బయటి నుంచి వచ్చే ప్రసంగీకుడికి చెప్పేశాం, ఇప్పుడు తీసేస్తే పక్క సంఘాలవాళ్ళు నవ్వుతారు అన్నారట. చివరికి పాస్టరు గారు ఒక మాట మీద నిలబడ్డారు. స్టేజీ ఎక్కాలా వద్దా అన్నది సునీత ఇష్టం, ఎక్కితే మాత్రం ఉన్నదే చెప్పాలి అని.

నేను పాస్టరు గారింటికి వెళ్ళొచ్చిన మర్నాడే, ప్రసాదు ఇంట్లో ఉండే వేళ చూసుకుని వెళ్ళాను. విషయం ఎత్తగానే కాంతమ్మ లేచింది.

"మీరు బైబిల్ ఉమన్ అయ్యుండి ఇలా అంటారేంటండీ? మీకే విశ్వాసం లేకపోతే మాకేం నేర్పుతారండి?"

"ఉందమ్మా విశ్వాసం. ఈ రోజు మన ఆహారం దేవుడే ఇస్తాడని రోజూ ప్రార్థనలో అంటున్నావుగా, మరి పొయ్యెందుకు వెలిగిస్తున్నావు?"

"అన్నం వేరు, ఇది వేరండి. రేపు సభల్లో నా మొహం ఎక్కడ పెట్టుకోమంటారు? వంతెన దగ్గర ఫ్లెక్సీ కట్టారండీ!"

అప్పటిదాకా గోడకానుకుని నిలబడ్డ ప్రసాదు అందుకున్నాడు. "ఫ్లెక్సీ గాలికి చిరిగితే ఇంకోటి కడతారే అమ్మా. ఇది మళ్ళీ కాలువలో పడిపోతే ఎవడు కడతాడు?"

కాంతమ్మ కొడుకు వంక చూసింది. "రేవులో పడింది మూర్ఛొచ్చా?" అంది. కాలు జారిన కథ ఆవిడ కూడా నమ్మిందని అప్పుడు తెలిసింది. పిల్ల మెట్టు మీద ఉందన్న సంగతి నేను చెప్పాను. ఆవిడ పిల్లను లాక్కుని ఒళ్ళో వేసుకుంది. ఇంక వాదించలేదు. ఒప్పుకున్నానని కూడా అనలేదు.

ప్రసాదు సునీతను రాజమండ్రి తీసుకెళ్ళాడు. డాక్టరు గారు బాగా కేకలేశారట. ఈ మాత్రలు ఉన్నపళంగా మానితే మూర్ఛ ఇంకా గట్టిగా వస్తుందని, తను చెప్పేదాకా ఒక్క పూట మానకూడదని, ఒంటరిగా రేవుకీ పొయ్యి దగ్గరకీ వెళ్ళొద్దని చెప్పి పంపారు. మాత్రలైతే ఇంటికొచ్చాయి. సునీత మింగదే! అరచేతిలో పెట్టుకుని కూర్చుంటుంది. మగడు అరిస్తే నోట్లో వేసుకుంటుంది, పెరట్లోకి వెళ్ళి ఊసేస్తుంది. ఆ సంగతి ప్రసాదే వచ్చి చెప్పాడు.

సాయంత్రం వాళ్ళు అన్నాలకు కూర్చునే వేళకు వెళ్ళాను. మా ఇళ్ళల్లో అన్నం ముందు ప్రార్థన చెయ్యనిదే ముద్ద ఎత్తం. మాత్ర తెచ్చి కంచం పక్కన పెట్టమన్నాను.

"ఇప్పుడు ప్రార్థన చెయ్యి" అన్నాను.

"దేనికండీ, అన్నానికా, మాత్రకా?"

"కంచానికీ పక్కనున్నదానికీ కలిపే చెయ్యి. విడివిడిగా చేస్తే కూర చల్లారిపోతుంది."

సునీతకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు మూసుకుంది. "ఈ మాత్రకు కూడా స్తోత్రం ప్రభువా, ఇది తయారుచేసినవాళ్ళకు బుర్రనిచ్చింది నువ్వే" అని నేనంటే, నా వెనకాలే అంది. మింగింది. ఊసెయ్యలేదు. అలా కొన్నాళ్ళు అన్నాల వేళకు వెళ్ళాను. తర్వాత నా అవసరం లేకపోయింది.

సభలు వచ్చాయి. మొదటి రోజు సాయంత్రం పాటలయ్యాక ప్రసంగీకుడు చీటీ మీద పేరు చూసి సునీతను పిలిచారు. ఇష్టం లేకపోతే మానెయ్యవచ్చని ఆమెకు ముందే చెప్పాను. "ముందు చెప్పింది నేనేనండి, సరిచెయ్యాల్సింది కూడా నేనే" అని స్టేజీ ఎక్కింది. పిల్లనెత్తుకుని ప్రసాదు కింద నిలబడ్డాడు.

"అందరికీ వందనాలండి. నాకు మూర్ఛ ఆగిందని ఆగస్టులో చెప్పానండి. అప్పుడు ఆగింది నిజమే. తర్వాత మాత్రలు మానేశాను. రెండుసార్లు వచ్చిందండి. ఒకసారి కాలువలో పడ్డాను, ఒకసారి పొయ్యిలో చెయ్యి పెట్టాను. ఇప్పుడు ప్రార్థన చేసుకుని మాత్రలు వేసుకుంటున్నానండి. నా కోసం ప్రార్థన చెయ్యండి."

మా పద్ధతి ఒకటి చెప్పాలి. సాక్ష్యం దారి తప్పితే, అంటే ఎవరైనా ఇంటి గొడవలు మొదలుపెట్టినా, పక్కవాళ్ళ పేర్లెత్తినా, మధ్యలో ఆపించరు. స్త్రీలలో పెద్దామె ఒక పాట అందుకుంటుంది, అందరూ కలుస్తారు, చెప్పే మనిషి మర్యాదగా కూర్చుంటుంది. ఆ పని నాది. నా గొంతు బొంగురు, మైకు లేకుండానే గట్టు దాకా పోతుంది. ప్రసంగీకుడు నా వంక చూసి చెయ్యి పైకెత్తారు, పాట ఎత్తమని. కీబోర్డు అతను శ్రుతి కూడా ఇచ్చాడు. నేను నోరు తెరవలేదు. ఆయన మళ్ళీ చెయ్యెత్తారు. నేను కొంగు సర్దుకుని నేల చూపులు చూశాను. సునీత చెప్పవలసింది పూర్తిగా చెప్పింది.

పాస్టరు గారు కుర్చీలోంచి లేచి మైకు దగ్గరకు వచ్చి, "ఆమేన్" అన్నారు. అప్పుడు కొందరు ఆమేన్ అన్నారు. అందరూ అన్నారని నేను చెప్పను. కాంతమ్మ ముసుగు మొహం మీదకు లాక్కుంది గాని, చాప మీద నుంచి లేవలేదు.

ఆ రాత్రే పెద్దలు నన్ను నిలబెట్టి అడిగారు. "సంఘం పరువు కాలువలో కలిపావు" అన్నారు ఒకాయన. మనిషి కలవలేదుగా, అదే చాలండి అన్నాను. పని తీసేస్తారేమో అనుకున్నాను. పాస్టరు గారు, పాట ఎత్తొద్దని ఆమెకు చెప్పింది నేనే అన్నారు. ఆయన అలా చెప్పలేదు. నేను కాదనలేదు.

తర్వాతి శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక కొందరు ఆడవాళ్ళు వెళ్ళకుండా కూర్చున్నారు. ఒకావిడ, "నావి బీపీ మాత్రలండి. సంక్రాంతి నుంచీ మానేశాను" అంది. ఇంకొకావిడ షుగరు మాత్రలు బియ్యం డబ్బాలో దాచానంది. ముందు వరస చాప మీద కూర్చునే ఒక పెద్ద గారి భార్య థైరాయిడ్ మాత్ర సంగతి నా చెవిలో చెప్పింది. "మా ఆయనకు చెప్పకండి, సాక్ష్యం చెప్పించింది ఆయనే" అంది. ఎవరూ అబద్ధం చెప్పాలని చెప్పినవాళ్ళు కాదు. నొప్పి తగ్గిన రోజున సంతోషంతో చెప్పారు. మళ్ళీ వచ్చిందని చెప్పడానికి మాత్రం ఏ ఆదివారమూ లేదు.

అప్పుడు పాస్టరు గారు నియమం పెట్టారు. జబ్బు తగ్గిందని సాక్ష్యం చెప్పదలచుకుంటే ముందు బైబిల్ ఉమన్ ఆ ఇంటికి వెళ్ళాలి, మందుల సంగతి అడగాలి. మందు వాడుతుంటే ఆ మాట కూడా సాక్ష్యంలో చెప్పాలి. మరుసటి నెల మొదట సాక్ష్యం చెప్పింది ఆయనే, ఇన్సులిన్ గురించి. సాక్ష్యాలు తగ్గాయి. పెద్దలకు అది ఇష్టం లేదు, ఇప్పటికీ లేదు.

సునీతకు ఆ తర్వాత ఇంకోసారి మూర్ఛ వచ్చింది. డాక్టరు గారు మోతాదు మార్చారు. కాంతమ్మ నాతో చాన్నాళ్ళు మాట్లాడలేదు గాని, అన్నాల వేళకు పెరట్లోంచి "ఒసేయ్, మాత్రేసుకున్నావా!" అని ఆవిడ వేసే కేక వీధి చివరికి వినపడేది.

నిరుడు మోకాళ్ళు సహకరించక పని మానేశాను. నా చోటికి వచ్చినామె ఇంటరు చదివింది, నాకంటే బాగా చదువుతుంది, బాగా పాడుతుంది. పని అప్పజెప్పేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలని అడిగింది. సాక్ష్యం చెప్పిన మనిషి ఇంటికి సోమవారం వెళ్ళమన్నాను. ఆదివారం ఆ మాట వినడానికి ఊరంతా ఉంటుంది. సోమవారం నుంచి దాన్ని నిలబెట్టుకోవలసింది ఆ మనిషి ఒక్కతే.