పెర్కిట్‌లో ఆగిన నేపాల్ యాత్ర

ఆర్మూర్ మార్కెట్‌లో ఎర్రన్న ముప్ఫై రెండేళ్లు పసుపు తూచాడు. ఆయన కాంటా దగ్గర నిలబడితే రైతూ నోరెత్తేవాడు కాదు, సేటూ నోరెత్తేవాడు కాదు. అంత నమ్మకం. తూకం అయిన బస్తా మీద అది పోవాల్సిన ఊరి పేరు రంగుతో అచ్చు వేయించడం కూడా ఆయన పనే. కాన్పూర్, పాట్నా, కలకత్తా, రక్సౌల్. రక్సౌల్ బస్తాలు అక్కడ సరిహద్దు దాటి నేపాల్ రాజ్యానికి పోతాయని ఒక గుమాస్తా చెప్పిన నాటినుంచి ఎర్రన్నకు ఒకటే కడుపుమంట. తన చేతి మీదుగా పోయే పసుపుకొమ్ము దేశం దాటిపోతోంది, తను మాత్రం నిజామాబాద్ దాటలేదు. అక్కడికైనా పోయింది పన్ను పీకించుకోవడానికి.

1964 ఎండాకాలంలో ఆయన చూపు మందగించి కాంటా ముల్లు రెండుగా కనబడసాగింది. రెండింటిలో ఏ ముల్లు నిజమైందో తేల్చుకోలేక తనంత తానే పని మానేశాడు. ఊరంతా మెచ్చుకుంది. ఆ మెప్పు రెండు రోజులు నిలిచింది. మూడో రోజునుంచి, పొద్దస్తమానం ఇంట్లో కూర్చునే మగవాడు ఎంత అడ్డమో ఆయన భార్య శాంతవ్వకు తెలిసొచ్చింది. ఊడ్చేటప్పుడు ఒకసారి జరగమనేది, అలికేటప్పుడు ఒకసారి జరగమనేది. జరిగి జరిగి ఎర్రన్న బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో తేలాడు.

అక్కడ అప్పటికే ఇద్దరున్నారు. ఒకడు గంగాదాస్, సర్కారు బస్సు నడిపి రిటైరైన డ్రైవర్. నడిచేటప్పుడు కూడా మలుపు దగ్గర చెయ్యి బయటికి చాపే మనిషి. రెండోవారు కాశీరాం సారు, బడిలో భూగోళం చెప్పి చెప్పి రిటైరైన పెద్దసారు. ఆయనకు ప్రపంచంలోని నదులన్నీ తెలుసు. ఆయన కూడా ఒక్కదాంట్లోనూ కాలు పెట్టలేదు.

దసరా ముందు గంగాదాస్ ఎక్కడో మిలిట్రీ వేలంలో ఒక పాత వ్యాను కొనుక్కొచ్చాడు. దాని ముందు భాగం వ్యానులాగే ఉంది. మిగతాది గంగాదాస్ మాట మీద నమ్మాలి.

"దీంట్ల ఏడికన్న పోవచ్చు," అన్నాడు.

"నేపాల్ పోవచ్చునా?" అన్నాడు ఎర్రన్న. ఎట్లా అన్నాడో ఆయనకే తెలియదు. నోట్లోంచి ఊడిపడింది.

కాశీరాం సారు చాయ్ కప్పు కింద పెట్టారు. "పోవచ్చు. ఖాట్మండు దాంక మనోళ్లే రోడ్డేసిండ్రు. పాసుపోర్టు గీసుపోర్టు ఏం అక్కర లేదు. నాగపూర్, జబల్పూర్, కాశీ, రక్సౌల్. దారిల డేరా ఏసుకుంట, వండుకుంట పోవచ్చు. రెండు నెలలల్ల తిరిగొస్తం."

అంతే, తేలిపోయింది. ఊరు దీనికి ఫారిన్ యాత్ర అని పేరు పెట్టింది. ముగ్గురి జాతకాలూ చూసి అయ్యగారు కార్తీకంలో ఒక గురువారం పొద్దున్నే ముహూర్తం పెట్టారు. ఆ ముగ్గురి గ్రహాలూ మళ్లీ కలిసి రావాలంటే మాఘం దాకా ఆగాలట. మాఘంలో పసుపు సీజను. సీజనులో వ్యాను సరుకు తోలడానికి కావాలని గంగాదాస్ కొడుకు అప్పుడే అడుగుతున్నాడు. అంటే ఇప్పుడు పోకపోతే ఇక పోనట్టే. అందరికంటే ఎక్కువ ఈ సంగతి ఎర్రన్న గుండెలో కొట్టుకుంటోంది.

ముహూర్తానికి రెండు రోజుల ముందు వ్యాను చచ్చింది. దాన్ని తాళ్లతో కట్టి నిజామాబాద్ మెకానిక్ దగ్గరికి లాక్కుపోయారు. ఏదో సామాను హైదరాబాద్ నుంచి రావాలట. ముగ్గురూ మొహాలు వేలాడేసుకుని అయ్యగారి దగ్గరికి పోతే ఆయన నవ్వారు.

"గింతకే పరేశానైతరా? ముహూర్తానికి గడప దాటుండ్రి. పొలిమేర అవతల బస చేస్తే పయనం మొదలైనట్టే లెక్క. బండి ఎప్పుడొస్తే అప్పుడు ముందుకు పోండ్రి. ఒక్కటే మాట. యాత్ర అయ్యేదాంక ఎవ్వరు ఇంటి గడప తొక్కొద్దు. తొక్కిండ్రా, అంతా భంగం."

ఇలా మా ఆర్మూర్ నుంచి మొదటి ఫారిన్ యాత్ర ఎడ్లబండిలో బయల్దేరింది. బ్యాండు మోగింది. మెడల నిండా బంతిపూల దండలు. ఆడవాళ్లు బొట్లు పెట్టారు. "ఎడ్లను నేపాల్ల అమ్మకుండ తోలుకరాండ్రి," అని ఎవడో అరిచాడు. గంగాదాస్ బండిమీద కూర్చుని హారన్ కోసం చేత్తో తడుముకున్నాడు. మైలున్నర పోయాక పెర్కిట్ దగ్గర రోడ్డు పక్క మామిడితోటలో బండి ఆగింది. ఎడ్లు వెనక్కి తిరిగి పోయాయి. ముగ్గురు యాత్రికులు మిగిలారు. తోటలోంచి చూస్తే ఆర్మూర్ సిద్దులగుట్ట, ఇంట్లోంచి కనిపించేంత శుభ్రంగా కనిపిస్తోంది.

రెండు రోజులన్న మెకానిక్ నాలుగన్నాడు. నాలుగు ఏడైంది.

డేరాకు తెచ్చింది మార్కెట్లో పసుపు కుప్పలమీద కప్పే పాత టార్పాలిన్. ఎంత దులిపినా పసుపు పోయేది కాదు. మూడో రోజుకు ముగ్గురూ నెత్తినుంచి పాదాల దాకా పచ్చబడి, నలుగు పెట్టిన ముసలి పెండ్లికొడుకుల్లా తయారయ్యారు. బాల్కొండ పోయే బస్సు కండక్టరు తోట రాగానే గంట కొట్టి, "నేపాల్! నేపాల్ దిగేటోళ్లు దిగుండ్రి!" అని కేక పెట్టేవాడు. బస్సు బస్సంతా కిటికీల్లోంచి తలలు పెట్టి చూసేది. గంగాదాస్ అటు తిరిగి కూర్చునేవాడు. కాశీరాం సారు మాత్రం రోజూ దినచర్య రాసేవారు. "ఐదవ రోజు. మజిలీ పెర్కిట్. నేపాల్ రాజ్యము ఇంకను సుమారు తొమ్మిదివందల మైళ్లు." ఆరో రోజూ అదే రాసి, అంతటి కచ్చితమైన దూరానికి అవసరం లేదని "సుమారు" కొట్టేశారు.

వంట సంగతి చెప్పకపోవడమే మర్యాద. సారు నీళ్లు పుస్తకం ప్రకారం పోయాలంటారు. ఎర్రన్న బియ్యం తూచి పోయాలంటాడు. ఈ వాదన తెగేలోపల గంగాదాస్ మంట ఎగేస్తాడు. అన్నం అయితే జావ, కాకపోతే బొగ్గు.

ఆరో రోజున సారుకు వేన్నీళ్ల స్నానం మీద మనసు పోయింది. "గిట్ల పోయి గట్లొస్త ఎర్రన్నా. వెనక దర్వాజ నుంచి పోత. వెనక దర్వాజకు గడప చిన్నగుంటది," అన్నారు. ఎర్రన్న చెయ్యి పట్టుకుని ఆపాడు. కుండలో నీళ్లు కాచి, చింతచెట్టు చాటున సారును కూర్చోబెట్టి, వీపు రుద్ది మరీ స్నానం చేయించాడు. ఎనిమిదో రోజున గంగాదాస్‌కు కోడలి చేతి మక్కగారెలు యాదికొచ్చాయి. మూట సర్దుకున్నాడు. ఎర్రన్న ఆ మూట మీద కూర్చుని, రోడ్డున పోయేవాళ్లతో కబురు పంపి, గారెలు తెప్పించి పెట్టేదాకా లేవలేదు. ముప్ఫై రెండేళ్లలో ఎవ్వరినీ బతిమాలని మనిషి పసిపిల్లల్ని సాకినట్టు ఇద్దరు ముసలివాళ్లను సాకాడు. వీళ్లలో ఒక్కడు గడప తొక్కితే తన నేపాల్ మునిగినట్టే కదా!

శాంతవ్వ ఒక్కసారి కూడా రాలేదు. పక్కింటి రత్నవ్వతో తొక్కుపచ్చడి పంపింది, దుప్పటి పంపింది, మాట మాత్రం పంపలేదు. ఇల్లు ఖాళీ అయి హాయిగా ఉండి ఉంటుందని ఎర్రన్న అనుకున్నాడు.

పన్నెండో రోజు మధ్యాహ్నం, ఆర్మూర్ వీధులన్నిట్లో హారన్ కొట్టుకుంటూ వ్యాను వచ్చింది. మెకానిక్ దిగి రెండు మాటలు చెప్పాడు. ఇంజను ఇవాళంతా ఆపొద్దు, ఆపితే మళ్లీ లేస్తుందన్న భరోసా తనది కాదు. వెనక గేరు పడటం లేదు, కాబట్టి ముందుకే పోవాలి. "మనం ముందుకే పోయేది!" అని గంగాదాస్ ఎగిరి సీట్లో కూర్చున్నాడు. సామాను ఎక్కింది. సారు శ్లోకం అందుకున్నారు. ఎర్రన్న ఒక కాలు పైకి పెట్టాడు.

అప్పుడే రత్నవ్వ ఆయాసపడుతూ వచ్చింది. "అన్నా, వదినెకు జ్వరం. రాత్రినుంచి లేస్తలేదు. నీకు చెప్పకుంటె మంచిగుండదని ఉరికొచ్చిన."

వ్యాను గడగడమంటోంది. సారు శ్లోకం ఆపారు. "నువ్వు ఇంట్లకు పోతె ఇగ అయిపోయినట్టే ఎర్రన్నా. రత్నవ్వ సూసుకుంటది. దవాఖాన ఉన్నది."

నిజమే. రత్నవ్వ చూసుకుంటుంది, దవాఖాన ఉంది. గడప తొక్కితే అయిపోయినట్టే అని ఈ ఇద్దరికీ వంద సార్లు తను చెప్పిన మాటే ఇది. ఎర్రన్న వ్యాను వంక చూశాడు. దాని మూతి ఉత్తరానికి తిరిగి ఉంది. కాలు కిందికి దించి, ఆర్మూర్ దిక్కు నడిచాడు. నడక కాస్తా పరుగైంది. దారిలో జనం ఆగి చూశారు. ఒకరిద్దరు నవ్వారు కూడా. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నేపాల్ కోసమా, శాంతవ్వ కోసమా అంటే చెప్పడం కష్టం. రెంటికీ కలిపే.

గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. తొక్కి లోపలికి పోయాడు.

శాంతవ్వ పీట మీద కూర్చుంది. తల దువ్వుకుని, పండుగ చీర కట్టుకుని, ఒళ్లో ఒక బట్టల మూట పెట్టుకుంది. ఎర్రన్న ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. చల్లగా ఉంది.

"జ్వరమేదే?"

"లేదు. రత్నవ్వతోని నేనే చెప్పిపిచ్చిన."

"ఎందుకే? పన్నెండు దినాలు ప్రాణం ఉగ్గబట్టుకున్న! అంతా ఖరాబు జేస్తివి గద!"

"వస్తవో రావో సూద్దామని," అంది ఆమె నింపాదిగా. "నలభై ఏండ్లాయె నీ ఇంటికొచ్చి. పోతున్న అని చెప్పినవు. పైసలు గీడున్నయి, కట్టెలు గాడున్నయి అని చెప్పినవు. వస్తవా అని ఒక్కపారి అడిగినవా? నేను గూడ బాసర దాటి ఏమన్న సూసిన్నా?"

నిజంగానే ఆ ఆలోచన ఎర్రన్నకు రాలేదు. వద్దనుకోవడం వేరు, అసలు తోచకపోవడం వేరు. ఆయనకు సిగ్గేసింది.

"నేను రాకపోతుంటె ఏం జేస్తుంటివి?"

"మూట ఇప్పి లోపల పెట్టుకుంటుంటి. నిన్ను ఒక్క మాట గూడ అనకపోతుంటి."

ఆ మాట ఆయన్ని కొట్టినట్టు ఇంకేదీ కొట్టలేదు. ఆమె ఒళ్లోంచి మూట అందుకుని మెల్లగా అన్నాడు, "నేపాల్ వస్తవా, శాంతా?"

"వస్త. గని దారిపొడుగున వంట నేను జెయ్య."

ఇద్దరూ మైలున్నర నడిచి పోయేసరికి వ్యాను ఇంకా గడగడమంటూనే ఉంది. సారు శాంతవ్వను, మూటను, మార్చి మార్చి చూసి, "అమ్మా, గడప తొక్కిండు. యాత్ర భంగమైంది," అన్నారు.

"గా యాత్ర అయిపోయింది సారూ. ఎక్కడికి పోయిండ్రో గక్కడికి పోయొచ్చిండ్రు. ఇది వేరేది, ఇయ్యాల నేను గడప దాటితె మొదలైంది," అని ఆమె వ్యానెక్కి గంగాదాస్ పక్క సీట్లో కూర్చుంది. అది సారు సీటు. సారు వెనక బియ్యం బస్తా మీద సర్దుకున్నారు.

బాల్కొండ దాటింది, గోదావరి వంతెన దాటింది. పొద్దు వాలుతుండగా నిర్మల్ అవతల రోడ్డు పక్క డేరా వేశారు. మగవాళ్లు ముగ్గురూ పొయ్యి ముందు బోర్లాపడి ఊదారు, వాదించుకున్నారు. ఎర్రన్న విస్తరి వేసి, మాడిన అన్నం వడ్డించి, తల వంచుకుని ఎదురుగా నిలబడ్డాడు. పెండ్లయినప్పటినుంచి శాంతవ్వ అందరికంటే ముందు తినడం అదే మొదలు. ఆమె మొత్తం తిని, విస్తరి ముందుకు జరిపి, ఇంకొంచెం పెట్టమంది.