కడాయి ముందు మౌనవ్రతం

ఆ రోజుల్లో నాకూ నూనెకూ పరిచయం రెండు చోట్ల మాత్రమే ఉండేది. పొద్దున తల మీద, సాయంత్రం మిర్చి బజ్జీలు చుట్టిచ్చిన కాగితం మీద. ఈ రెంటికీ నడుమ అది పొయ్యి మీద కాగుతుందనీ, మరీ కాగితే పొగ వస్తుందనీ, పొగ వచ్చినప్పుడు మనిషన్నవాడు నోరు తెరవాలనీ నాకు తెలియదు. తెలియకపోవడం పెద్ద నేరమేమీ కాదు గానీ, అప్పుడు నేను చేస్తున్న ఉద్యోగం ఏమిటో చెబితే మీరు నవ్వుతారు. పటాన్‌చెరు దాటాక రోడ్డు పక్కన వరసగా కనిపించే ఫ్యాక్టరీల్లో ఒకదానిలో నేను సేఫ్టీ ట్రైనీని. అంటే మంటల గురించి పదిమందికీ జాగ్రత్తలు చెప్పేవాణ్ణి. అందుకోసం కంపెనీ వాళ్లు పసుపుపచ్చ హెల్మెట్టు, కళ్లకు పెద్ద అద్దాలు, మోచేతుల దాకా వచ్చే గ్లౌజులు ఇచ్చారు. బుర్ర మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలట. నేను ఆ పని వాయిదా వేస్తూ వచ్చాను.

ట్రైనీ అంటే ఒక కాలు ఫ్యాక్టరీ గేటు లోపల, ఒక కాలు బయట. పర్మనెంట్ అయితే రెండో కాలు కూడా లోపలికి వస్తుంది. కాకపోతే మొదటి కాలూ బయటికి వచ్చేసి, రెండూ కలిసి జోగిపేట బస్సెక్కుతాయి. అక్కడ మా నాన్న తన ఎరువుల దుకాణంలో నా కోసం ఒక స్టూలు ఖాళీగానే ఉంచాడు. ఆ స్టూలు తలుచుకుంటేనే నాకు నడుము నొప్పి వచ్చేది. సరిగ్గా అప్పుడే మా మేనేజరు సారు పిలిచి, "ఫ్యామిలీ డే నాడు మన కార్మికుల ఇండ్ల నుంచి ఆడవాళ్లందరూ వస్తారయ్యా. వంటింట్లో నూనెతో ఎట్లా జాగ్రత్తగా ఉండాలో నువ్వే చేసి చూపించాలి. బాగా చేశావా, నీ పర్మనెంట్ కాగితం మీద సంతకం పెట్టేస్తా. చేయలేదా..." అని ఆగి నా హెల్మెట్టు వైపు చూశారు. (హెల్మెట్టు కంపెనీది. వెళ్లేటప్పుడు తిరిగి ఇచ్చేయాలి.)

వేయించడమంటే ఏమిటో తెలియనివాడు, వేయించేటప్పుడు ఏం చేయకూడదో ఎలా చెబుతాడు? ఉద్యోగం కోసం అప్పటికే వేగిపోతున్న నాకు మా ఇంటి ఓనరమ్మ గుర్తొచ్చింది. ఇస్నాపూర్‌లో ఆమె ఇంటి వెనక గదిలోనే నేను కిరాయికి ఉండేవాణ్ణి. గల్లీ అంతా ఆమెను పెద్దమ్మ అనేది, నేనూ అలాగే అనేవాణ్ణి. ఆ చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్లయినా పెద్దమ్మ కడాయి పెట్టాల్సిందే. ఆమె చేసే గరిజెలు, అంటే కొబ్బరి బెల్లం కూరిన కజ్జికాయలు, ఒక్కటి కూడా నూనెలో విచ్చుకోవని, నోట్లో వేసుకుంటే మాత్రం వెంటనే విచ్చుకుంటాయని పేరు. సంగతి చెప్పి బతిమాలితే ఆమె నన్ను కిందికీ మీదికీ చూసి, "ఐతారం నాడు మా కోడలి తమ్ముని పెండ్లికి గరిజెలు చేస్తున్న. వచ్చి కూసో. గనీ మా ఇంట్ల ఒక రివాజున్నది బిడ్డా. కడాయి పొయ్యి మీదికెల్లి దిగేదాంక ఎవ్వరు నోరు ఇప్పొద్దు. ఎన్నయినయని అడగొద్దు, మంచిగైనయని మెచ్చుకోవద్దు. వచ్చినోడు నడుమల లేసి పోవద్దు. నూనెకు చెవులుంటయ్. మాటింటే పొంగుతది" అంది. "నేనేం మాట్లాడను పెద్దమ్మా" అన్నాను. "ఇప్పుడు మాట్లాడుతున్నవ్ గదా" అంది.

ఆదివారం పొద్దున్నే తలస్నానం చేసి, హెల్మెట్టు పెట్టుకుని, అద్దాలు తగిలించుకుని, గ్లౌజులు తొడుక్కుని వెనక రేకుల షెడ్డులోకి వెళ్లాను. పిండి పిసుకుతున్న కోడలు (ఆమె మా ఫ్యాక్టరీలోనే ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసేది) కొంగు నోట్లో కుక్కుకుంది. పెద్దమ్మ మాత్రం తీరిగ్గా చూసి, "ఏందిరా గీ యేషం? నూనెల దుంకుతవా ఏంది?" అంది. "సేఫ్టీ పెద్దమ్మా" అన్నాను. "గట్లనా! మరి నేను గిన్నేండ్ల సంది ఉత్త చేతులతోని చేస్తున్న. నన్ను జూసి నూనె భయపడాలె గనీ, నూనెను జూసి నేను భయపడుడేంది? కూసో, ఇగ మాటల్లేవ్" అని, పొయ్యికి పసుపు బొట్టు పెట్టి, కడాయిలో పల్లినూనె పోసి, మంట వెలిగించింది. ఆ క్షణం నుంచి ఆ షెడ్డు గుడి అయింది.

నేను చాలా యంత్రాలు చూశాను. నా కన్నా ఎత్తయిన బాయిలర్లు, వాటి మీద వణికే ముళ్లు చూశాను. కానీ ఆ రోజు పెద్దమ్మ చేతిని చూసినట్టు దేన్నీ చూడలేదు. చిన్న పిండి ముక్క గిల్లి నూనెలో వేసింది. అది అడుగుకు పోయి, ఆలోచించుకుని, మెల్లగా పైకి వచ్చింది. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇంకో ముక్క వేసింది. అది పడీ పడగానే బుడబుడమంటూ లేచింది. ఈసారి నిలువుగా ఊపింది. తర్వాత గాజులు మోచేతి పైకి తోసుకుని, గరిజెను కడాయి అంచు వెంబడి జార్చింది. ఒక్క చుక్క చిందలేదు. ఆమె వేళ్లకూ నూనెకూ మధ్య నా గోరు పట్టేంత ఎడం కూడా లేదు. చూస్తున్న నాకే చెయ్యి చురుక్కుమంది, అదీ గ్లౌజు లోపల. గరిజెలు ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా, బడి పిల్లల్లా వరుసగా తిరుగుతున్నాయి. వాటి చప్పుడు మారగానే, చూడకుండానే, చెవితోనే కనిపెట్టి, ఇంకో చేత్తో పిండి వత్తుతూ చిల్లుల గరిటెతో ఎత్తి పరాతులో వేసేది. పరాతు అంటే గరిజెలు ఆరబెట్టిన ఆ పెద్ద ఇత్తడి పళ్లెం, గుర్తుంచుకోండి, దానితో పని పడుతుంది. నేను నోరు వెళ్లబెట్టి కూర్చున్నాను.

అంతలో లోపల పసిపిల్ల ఏడిచింది. కోడలు లేచి వెళ్లింది. (ఇంటివాళ్లకు రివాజు కొంచెం సడలింపు ఇస్తుంది కాబోలు.) వత్తిన పూరీలు ఆరిపోతున్నాయని, కడాయిలోని వాయి తీసేసి, పెద్దమ్మ పొయ్యి వైపు వీపు పెట్టి, చెంబులో వేళ్లు తడుపుకుంటూ గరిజెల అంచులు మూయసాగింది. మంట మాత్రం అలాగే ఉంది. ఖాళీ నూనె మీద సన్నటి పొగ లేచింది. నేను చూశాను. చెప్పాలి. కానీ మాట్లాడకూడదు. అందుకని గ్లౌజు వేలితో కడాయి వైపు చూపించాను. పెద్దమ్మ నా వేలు చూసింది, పరాతు చూసింది, జాలిపడి ఒక గరిజె తీసి నా చేతిలో పెట్టింది. నేను తల అడ్డంగా ఊపి మళ్లీ చూపించాను. ఒకటి చాలలేదనుకుని రెండోది పెట్టింది. పొగ చిక్కబడింది. నేను రెండు చేతులూ ఊపాను. ఆమె కళ్లురిమి, 'తిండిపోతు' అన్నట్టు పెదవి విరిచి, మూడోది నేరుగా నా నోట్లో కుక్కింది. అప్పుడు కడాయి భగ్గుమంది.

ఆ మంట నాకిప్పటికీ కళ్ల ముందుంది. చప్పుడు లేకుండా, తొందర లేకుండా, నిండు మనిషిలా లేచి నిలబడి రేకుల వైపు చూసింది. ఎంత భయంకరంగా ఉందో అంత అందంగానూ ఉంది. "పెద్దమ్మా, మంట!" అని అరిచాను. కొబ్బరి, బెల్లం, నువ్వులు మాత్రమే బయటికి వచ్చాయి. ఆమె వెనక్కి తిరిగి చూసి, చేతికందిన చెంబు ఎత్తింది. నీళ్లు! కాగిన నూనెలో నీళ్లు పడితే మంట రేకుల దాకా ఎగురుతుందన్నది నాకు తెలిసిన ఒకే ఒక్క నిజం. దాని కోసమే కంపెనీ నాకు జీతం ఇస్తోంది. ఒక్క దూకు దూకి చెంబు గుంజుకున్నాను. నీళ్లన్నీ నా ప్యాంటు మీద పడ్డాయి. పరాతు లాగి, గరిజెలన్నీ కింద కుమ్మరించి, దాన్ని పక్క నుంచి తోస్తూ కడాయి మీద బోర్లించాను. పెద్దమ్మ, ఆమె ధైర్యానికి దండం పెట్టాలి, వంగి సిలిండర్ దగ్గర గ్యాసు బందు చేసింది. మంట పరాతు అంచుల కింద నాలుగు నాలుకలు చాపి, ముడుచుకుని, మాయమైంది. ఆమె పరాతు ఎత్తి చూడబోయింది. నేను తడి ప్యాంటుతో అడ్డంగా నిలబడ్డాను. ఎత్తితే గాలి తగిలి మళ్లీ లేస్తుంది, చల్లారేదాకా ముట్టుకోవద్దని చేతులతోనే చెప్పాను. ఈసారి ఆమె గరిజె ఇవ్వలేదు.

చాలాసేపు ఇద్దరం నిలబడే ఉన్నాం. కడాయి చల్లబడ్డాక ఆమె దాన్ని కిందికి దింపింది. రివాజు ముగిసింది. ఇప్పుడు నన్ను మెచ్చుకుంటుందని మెడ నిటారుగా పెట్టాను. పెద్దమ్మ కింద పడ్డ గరిజెల్ని చూసి, నన్ను చూసి, "నడుమల మాట్లాడినవ్ గదరా!" అంది. "మంట లేచినంకనే కదా పెద్దమ్మా..." అన్నాను. "నువ్వు మాట్లాడాలనుకున్నవ్. నూనెకు ముందే ఎరుకైంది" అంది. నేను వంగి గరిజెలు ఏరడం మొదలుపెట్టాను. విరిగినవి ఇంటికి ఉంచుకుని, నేను దుకాణానికి పరిగెత్తి కొత్త నూనె తెచ్చిచ్చాక, ఆమె మళ్లీ కడాయి పెట్టి సాయంత్రానికల్లా పెళ్లివారి బుట్టలు నింపింది. నేను గేటు బయట కూర్చున్నాను.

మర్నాటికి ఆ వార్త కోడలితో పాటు కంపెనీ బస్సెక్కి ఫ్యాక్టరీకి వచ్చింది. "సేఫ్టీ సారు కూసున్నడంట, కడాయి అంటుకున్నదంట!" క్యాంటీన్‌లో నా పేరు 'గరిజెల సారు'గా స్థిరపడింది. పేరు పర్మనెంట్ అయింది, ఉద్యోగం మాత్రం ఊగుతోంది. మేనేజరు సారు పిలిపించారు. నా కళ్ల ముందు జోగిపేట స్టూలు కదలాడింది. జరిగిందంతా చెప్పాను, మూడు గరిజెలతో సహా. ఆయన టేబుల్ మీద తల పెట్టి నవ్వి, కళ్లు తుడుచుకుని, "ఇంకేం కావాలయ్యా? ఇదే చేసి చూపించు. ఆ పెద్దమ్మను కూడా తీసుకురా" అన్నారు.

ఫ్యామిలీ డే నాడు పెద్దమ్మ పట్టుచీర కట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. మైదానం మధ్యలో పొయ్యి, చిన్న కడాయి, దాని మూత. పక్కనే మంటలార్పే సిబ్బంది. నేను మైకులో, "అమ్మలారా, నూనె పొయ్యి మీద ఉన్నంతసేపు ఎవ్వరూ మాట్లాడకూడదు. ఇది మా పెద్దమ్మ ఇంటి రివాజు" అన్నాను. పెద్దమ్మ అందరి వైపూ తిరిగి చూసుకుంది. నేను మంట వెలిగించి, కడాయికి కొంచెం వారగా తిరిగి, పీట మీద పిండి వత్తసాగాను. (ఓరకంట చూస్తూనే ఉన్నాను లెండి.) సన్నటి పొగ లేచింది. పెద్దమ్మ వేలు చూపించింది. నేను వెంట తెచ్చిన డబ్బా తీసుకుని మర్యాదగా వెళ్లి, ఒక గరిజె ఆమె చేతిలో పెట్టి వచ్చాను. ఆమె మళ్లీ చూపించింది. నేను ఇంకోటి పెట్టాను. ఆమె రెండు చేతులూ ఊపింది. మూడోది నోటికే అందించాను. అంతే, పెద్దమ్మ లేచి నిలబడి, నోట్లోని కొబ్బరి బెల్లం గాల్లోకి ఎగరగొడుతూ, "ఓరి సైతాన్‌గా, పొగొస్తున్నది, పొయ్యి బంద్ చెయ్యిరా!" అని అరిచింది. మైకు అక్కర్లేకపోయింది. నేను పొయ్యి ఆపి, కడాయి మీద మూత బోర్లించి, నింపాదిగా ఆమె వైపు తిరిగి, "నడుమల మాట్లాడినవ్ గదా పెద్దమ్మా!" అన్నాను.

మైదానమంతా గొల్లుమంది. పెద్దమ్మ కూడా నవ్వు ఆపుకోలేక కూలబడింది. కొంగుతో మూతి తుడుచుకుని, నోట్లో మిగిలింది నెమ్మదిగా నమిలి, "గీ గరిజెలు ఎవలు చేసిన్రు?" అంది. ముందు రోజు సాయంత్రం నేనే చేశానని, నా జన్మలో మొదటి వాయి అవేనని ఒప్పుకున్నాను. "నూనె కాగకముందే ఏసినవ్, మెత్తగైనయ్" అంది. కళ్లు మూసుకుని తిని కూడా కడాయిలో ఏం జరిగిందో చెప్పగల మనిషి మీద ఎంత పగ తీర్చుకున్నా అది చిన్నదే. మర్నాడే మేనేజరు సారు కాగితం మీద సంతకం పెట్టారు, నా రెండో కాలూ గేటు లోపలికి వచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో పండగలకు నేనే కడాయి పెడతాను, పక్కన మూత పెట్టుకుని, ఉత్త చేతులతో. పిండి ముక్క నూనెలో మునిగి, ఆలోచించుకుని, పైకి తేలినప్పుడల్లా ఆ హెల్మెట్టు కుర్రాడు నోరు వెళ్లబెట్టుకుని ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. వాడి చేతిలో ఇంకో గరిజె పెట్టాలనిపిస్తుంది.